‘లైన్’ అంటే ఏమిటి? ఒక్క ఆంగ్ల పదాన్ని అన్ని అర్థాలతో పట్టుకునే పద్ధతి

మా అక్క కొడుకు విశాఖపట్నంలో ఒక సంస్థలో చేరిన కొత్తలో కొన్నాళ్లు ఒడిశా–ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా ఇంటి నుంచే పని చేశాడు. విదేశీ ఖాతాదారులతో ఫోనులో మాట్లాడి వాళ్ల ఇబ్బందులు తీర్చడం వాడి ఉద్యోగం. ఒక సాయంత్రం మాట మధ్యలో కరెంటు పోయింది. కంప్యూటర్ ఆగిపోయింది కానీ చేతిలో ఫోను పనిచేస్తూనే ఉంది. వాడు కంగారుగా, ఆంగ్లంలోనే, ‘మా ఇంట్లో లైన్ లేదండీ, లైన్ రాగానే పంపిస్తాను’ అన్నాడు. అవతల ఉన్నది అమెరికా పెద్దమనిషి. ఒక్క క్షణం ఆగి, ‘లైన్ లేకపోతే నువ్వు నాతో ఎలా మాట్లాడుతున్నావు?’ అని అడిగాడట.

వాడు ఫోను పెట్టేసి నా దగ్గరికి వచ్చి, “మామయ్యా, నేను అన్నదాంట్లో తప్పేమిటి?” అన్నాడు. వ్యాకరణంలో తప్పేమీ లేదు. మా గజపతి జిల్లాలో లైన్ అంటే కరెంటు. ఒడియా ఇరుగుపొరుగు ‘లైన్ కటిగలా’ అంటారు, తెలుగు ఇళ్లలో అదే ‘లైన్ పోయింది’ అయింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగంలో ఆంగ్లం మాట్లాడే పిల్లవాడు ఈ మాట మూడు భాషల్లోనూ ఒకటే కదా అనుకున్నాడు. మాట ఒకటే. అది చేసే పని మాత్రం మూడు చోట్లా వేరు.

ఆ రోజు నుంచి సాయంత్రం పూట చదువు చెప్పించుకోవడానికి వచ్చే పిల్లలందరి చేతా నేను ఈ ఒక్క పదం మీదే నెల రోజులు కసరత్తు చేయిస్తున్నాను. కింద రాసింది ఆ కసరత్తే. ‘లైన్’ బదులు రన్, సెట్, చార్జ్, కట్ తీసుకున్నా ఇదే దారిలో వెళ్లవచ్చు.

మొదటి అడుగు: అర్థం రాయవద్దు, వాక్యం రాయండి

ఒక నోటు పుస్తకం కొనండి. ఈ పదం ఎక్కడ వినిపించినా, కనిపించినా, ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. పక్కనే ఎవరు అన్నారో, ఎవరితో అన్నారో, ఏ పనిలో ఉండగా అన్నారో రాయండి. నిఘంటువు ఇప్పుడే తెరవవద్దు. నిఘంటువు తెరిస్తే ముప్పై అర్థాలు ఒకేసారి మీద పడతాయి, ఒక్కటీ నిలవదు.

ఇదేమీ నేను కనిపెట్టిన పద్ధతి కాదు. గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు మాది. అప్పటికి లిపి లేని సవర భాషను ఆయన సవర గిరిజనుల నోటి నుంచే విని నేర్చుకున్నారు. ఆ కృషి 1931లో సవర వ్యాకరణంగా, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువుగా అచ్చయింది. తెలుగులోనూ జనం నోట్లో ఉన్న భాషకే ఆయన పెద్దపీట వేశారు. అంతటి మనిషి చెవిని నమ్ముకున్నప్పుడు మనం ఒక్క ఆంగ్ల పదానికి చెవి ఒగ్గలేమా?

మా మేనల్లుడి పుస్తకంలో మొదటి రోజు పేజీ ఇలా ఉంది. రేషన్ దుకాణం దగ్గర ఒక ముసలాయన: లైన్‌లో రండి. విద్యుత్తు స్తంభం ఎక్కిన మనిషిని చూపించి అమ్మ: లైన్‌మ్యాన్ వచ్చాడు. ఫోనులో చిన్నాన్న: లైన్‌లో ఉండు. టీవీలో క్రికెట్ వ్యాఖ్యాత: లైన్ బాగుంది, లెంగ్త్ కుదరలేదు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే పక్కింటి అమ్మాయి: రోగికి లైన్ పెట్టాలి. అయిదు వాక్యాలు, అయిదు అర్థాలు. ఆంగ్ల పుస్తకం తెరవకుండానే దొరికినవి.

రెండో అడుగు: పుట్టింటికి వెళ్లండి

పుస్తకంలో ఇరవై వాక్యాలు చేరాక మాట పుట్టుక చూడండి. ఇది లాటిన్ ‘లీనియా’ నుంచి వచ్చింది. లీనియా అంటే నార దారం. దాని మూలం ‘లీనుమ్’, అంటే అవిసె మొక్క. లినెన్ బట్ట, అవిసె గింజకు ఆంగ్లంలో ఉన్న లిన్‌సీడ్ అనే పేరు ఆ మొక్క సంతానమే.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చిక్కుముడి సగం విడిపోతుంది. మేస్త్రీ గోడ కట్టేముందు రెండు మేకుల మధ్య దారం బిగించి కడతాడు, గమనించే ఉంటారు. ఆ దారం చేసే పనులు లెక్కపెట్టండి. దారం దారమే. దాన్ని బిగిస్తే తిన్నని గీత అవుతుంది. దాని వెంట ఇటుకలు పేరిస్తే వరుస అవుతుంది. ఇటుక దాన్ని దాటితే తప్పు, కాబట్టి అది హద్దు. ఒక మేకు నుంచి రెండో మేకుకు తీసుకెళుతుంది కాబట్టి అది దారి, ఆ రెండిటినీ కలుపుతుంది కాబట్టి సంబంధం. ఆంగ్లంలో లైన్‌కు ఉన్న అర్థాల్లో నూటికి తొంభై ఈ మేస్త్రీ దారం మీద ఆరవేయవచ్చు. బట్టలు ఆరవేసే దండెం కూడా ఆంగ్లంలో లైనే మరి!

మనకు ఇది కొత్త కాదు. సంస్కృతం నుంచి మనకు వచ్చిన ‘సూత్రం’ కూడా మొదట దారమే. మంగళసూత్రంలో దారం, గణిత సూత్రంలో నియమం, సూత్రధారి చేతిలో నాటకమంతా నడిపే పగ్గం. దారం నియమంగా మారడం మనవాళ్లకూ తోచింది, రోమన్లకూ తోచింది.

ఇక్కడే ఒక చిన్న మలుపు. దర్జీ కోటు లోపల వేసే అస్తరును లైనింగు అంటాం. దానికీ గీతకూ పొత్తు కుదరదు కదా అని పిల్లలు అడుగుతారు. గీత ద్వారా కుదరదు, అవిసె ద్వారా కుదురుతుంది. ఒకప్పుడు దుస్తుల లోపలి పొరకు లినెన్ బట్ట వాడేవారు, అందుకే లోపల పొర వేయడం ‘లైన్’ అనే క్రియ అయింది. ఆంగ్లంలో లైన్డ్ నోట్‌బుక్ అంటే గీతలున్న పుస్తకం, లైన్డ్ జాకెట్ అంటే అస్తరు ఉన్న కోటు. ఎవరైనా తన జేబులకు ‘లైన్’ వేసుకున్నాడు అంటే అక్రమంగా సొమ్ము వెనకేసుకున్నాడని. జేబుకు డబ్బుతోనే అస్తరు వేశాడన్నమాట.

మూడో అడుగు: ప్రతి వాక్యానికీ ఒక తెలుగు మాట కట్టండి

ఇప్పుడు పుస్తకంలోని ప్రతి వాక్యం పక్కన, ‘లైన్’ తీసేసి తెలుగు మాట పెట్టి చూడండి. ఒకే తెలుగు మాట అన్నిచోట్లా కుదరదు. అది తెలియడం కోసమే ఈ అడుగు. కాగితం మీది లైన్ గీత. పద్యంలోది పాదం, పుస్తకంలోది పంక్తి. జనం నిలబడితే వరుస, మరీ పొడుగ్గా ఉంటే బారు. దాటకూడనిది హద్దు, ఇంకా గట్టిగా చెప్పాలంటే లక్ష్మణరేఖ. నాటకంలో పాత్రధారి చెప్పేది సంభాషణ. వ్యాపారంలో ఒకే రకం సరుకుల సముదాయం కూడా లైనే, దానికి మన మాట శ్రేణి.

అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది ‘వరుస’. పెళ్లి చూపుల్లో పెద్దవాళ్లు ముందు అడిగేది “మీకు మేము ఏ వరుస అవుతాం?” అనే. నిలబడే వరుసకూ చుట్టరికపు వరుసకూ మాట ఒకటే. ఆంగ్లంలోనూ అంతే. రాజవంశంలో తరువాత గద్దె ఎక్కాల్సిన వాళ్లు సింహాసనానికి లైన్‌లో ఉంటారు, తండ్రి వైపు తరాలన్నీ మగ లైన్. ఈ పోలిక చెప్పగానే మా పిల్లలకు ఆ అర్థం ఇక మరపు రాదు.

సరిహద్దు ఇళ్ల పిల్లలకు ఇంకొక జాగ్రత్త. పక్కన ఒడియా మాట కూడా రాసుకోండి, కానీ చెవిని నమ్మి తెలుగులోకి తేవద్దు. ఒడియాలో గీసిన గీత ‘గార’, మనుషుల వరుస ‘ధాడి’. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా బంధువు ఒకాయన బ్యాంకు దగ్గర కాపలాదారు ‘ధాడి, ధాడి’ అని అరవడం విని దాడి జరుగుతోందేమో అనుకుని గుమ్మం దిగిపోయాడు. కాపలాదారు చెప్పింది వరుసలో నిలబడమని మాత్రమే.

నాలుగో అడుగు: పక్కనున్న బుల్లి మాట మీద కన్నేయండి

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా వెళదాం. తెలుగులో ‘-లో’, ‘-మీద’, ‘-కి’ మాట చివర అతుక్కుని ఉంటాయి, వాటిని విడిగా గమనించే అలవాటు మనకు లేదు. ఆంగ్లంలో అవి ముందు నిలబడతాయి, అర్థాన్ని తామే తిప్పేస్తాయి.

‘ఇన్ లైన్’ అంటే వరుసలో ఉన్నాడు. దాని వెనక ‘ఫర్’ వస్తే అవకాశం రాబోతోంది అని: పదోన్నతికి వరుసలో ఉన్నాడు. ‘విత్’ వస్తే అనుగుణంగా అని: నిబంధనలకు అనుగుణంగా ఉంది. ముందు ‘అవుట్ ఆఫ్’ పెడితే హద్దు మీరడం, అది చాలాసార్లు మందలింపు.

‘ఆన్ ద లైన్’ దగ్గర రెండు దారులు చీలతాయి. ఫోను సందర్భమైతే అవతల మనిషి ఉన్నాడని. ఉద్యోగం, పరువు, ప్రాణం లాంటివి ‘ఆన్ ద లైన్’ ఉన్నాయంటే అవి పోయే ప్రమాదంలో పడ్డాయని. మా అమ్మాయి ఒక వార్తలో ‘వేలమంది ఉద్యోగాలు ఆన్ ద లైన్’ అని చదివి, ఉద్యోగాలు ఆన్‌లైన్ అయ్యాయని సంతోషించింది. మధ్యలో ఉన్న ‘ద’ చూసుకోలేదు. అది ఉంటే భయపడాలి, లేకుండా రెండు మాటలూ అతుక్కుంటే అంతర్జాలం.

‘డౌన్ ద లైన్’ అంటే కిందికి కాదు, ముందు ముందు అని. దారం పొడవునా నడిచి వెళితే వచ్చే చోటు. ‘ఓవర్ ద లైన్’ హద్దు దాటడం. ‘బిట్వీన్ ద లైన్స్’ చదవడం అంటే పంక్తుల మధ్య రాయని సంగతి పట్టుకోవడం. మన పెద్దలు ఉత్తరంలో ‘అందరూ క్షేమం’ అని ఉంటే అంతటితో ఊరుకోరు, ఎవరి పేరు రాయలేదో చూస్తారు. ఆ చదువే ఇది.

కసరత్తు: నోటు పుస్తకంలో ఈ బుల్లి మాటలన్నిటి కింద ఎర్ర సిరాతో గీత గీయండి. వారం తరువాత ఎర్ర గీతలు మాత్రమే చదువుతూ అర్థం చెప్పండి. పదిలో ఎనిమిది సరిపోతే ముందుకు వెళ్లండి, లేకపోతే ఇంకో వారం ఇక్కడే.

అయిదో అడుగు: ఒక వృత్తిలోంచి మాట ఎలా బయటికి నడిచిందో చూడండి

మా ఊరికి లైన్ అంటే మొదట రైలే. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నౌపడ నుంచి మొదలైంది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. తరువాత అది గుణుపురం దాకా సాగింది. 2004లో ఆ చిన్న రైలు ఆగిపోయి, కొన్నేళ్లకు అదే మార్గంలో పెద్ద పట్టాలు వచ్చాయి. ఊళ్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ ‘లైన్ అవతల’, ‘లైన్ ఇవతల’ అనేవే చిరునామాలు.

‘లైన్ క్లియర్’ ఈ రైలు భాషలోదే. ఒకే పట్టా ఉన్న మార్గంలో ఎదురెదురుగా రెండు బళ్లు రాకూడదు. అందుకని స్టేషన్ మాస్టరు ముందు స్టేషన్‌ను అడిగి, దారి ఖాళీగా ఉందని ఒప్పుదల తీసుకున్నాకే బండిని వదులుతాడు. ఆ ఒప్పుదలే లైన్ క్లియర్. దానికి గుర్తుగా యంత్రంలోంచి ఒక లోహపు బంతిని తీసి, తోలు సంచిలో పెట్టి, పెద్ద వలయం తగిలించి డ్రైవరుకు అందించే పద్ధతి చాలా చోట్ల ఉండేది. కదులుతున్న ఇంజను లోంచి చేయి చాచి ఆ వలయాన్ని అందుకోవడం చూసినవాళ్లకు లైన్ క్లియర్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అదే మాట పెళ్లి సంబంధాల్లో, సినిమా విడుదలల్లో, పార్టీ టికెట్ల వార్తల్లో తిరుగుతోంది: ‘నాన్న ఒప్పుకున్నారు, లైన్ క్లియర్’. అడ్డు తొలగింది, ఇక బండి కదలవచ్చు. తెలుగులో ఇంత హాయిగా అనే ఈ మాటను అమెరికా మనిషితో అంటే అతనికి రైలూ గుర్తురాదు, పెళ్లీ గుర్తురాదు.

మీ ఊళ్లో ఏ వృత్తి ఉంటే దానినే తీసుకోండి. విద్యుత్తు సిబ్బందికి లైన్ తీగ, కర్మాగారంలో పనివాళ్లు నిలబడే చోటు, నర్సుకు నరంలోకి మందు పంపే గొట్టం, బౌలరుకు బంతి వెళ్లే దిశ. కొత్త అర్థాలు సాధారణంగా ఇలాంటి ఒక పనివాళ్ల గుంపులో పుడతాయి, ఆ తరువాత వీధిలోకి వస్తాయి.

ఆరో అడుగు: మనవి వేరు చేయండి

ఇక నోటు పుస్తకంలో ‘ఇవి మన సొంతం’ అని ఒక పేజీ పెట్టండి. ఆంగ్ల పదమే అయినా ఆంగ్లేయులకు తెలియని అర్థాలు అందులోకి వెళతాయి. ‘లైన్ లేదు’ మొదట రాయాలి. తరువాత ‘లైన్ వేయడం’: కుర్రాడు అమ్మాయి వెంట పడటం. హిందీలోనూ దీనికి జోడీ ఉంది, ఆంగ్లంలో మాత్రం లేదు. పెద్దవాళ్ల ముందు అనదగిన మాట కూడా కాదు, విని అర్థం చేసుకుంటే చాలు. ‘లైన్‌లోకి వచ్చాడు’ అంటే మొండికేసినవాడు దారికొచ్చాడని. ‘లైన్‌లో పెట్టాను’ అంటే పని జరిగేటట్టు చూశానని. సినిమావాళ్ల ‘లైన్’ అంటే రెండు ముక్కల్లో కథ. ‘ఆయన ఏ లైన్‌లో ఉన్నారు?’ అంటే ఏ వ్యాపారం, ఏ వృత్తి అని. ఈ చివరిదానికీ, ‘లైన్‌లోకి వచ్చాడు’ అనేదానికీ మాత్రం ఆంగ్లంలో దగ్గరి చుట్టాలు ఉన్నాయి.

పోలీస్ లైన్స్, సివిల్ లైన్స్ అనేవి బ్రిటిష్ కాలపు దండు ప్రదేశాల నుంచి మిగిలాయి. వరుసగా కట్టిన నివాసాలు కాబట్టి ఆ పేరు. మన దేశపు ఆంగ్లంలో చెల్లుతాయి, లండన్‌లో చిరునామాగా చెబితే తెల్లముఖం వేస్తారు.

ఏడో అడుగు: ఆంగ్లేయుల వాడుక మాటలు, కాస్త దూరం నుంచి

ఇక్కడ నా నియమం ఒకటే: వినండి, అర్థం చేసుకోండి, అనవద్దు. కొత్తగా నేర్చినవాడి నోట వాడుక మాట అరువు చొక్కాలా వేలాడుతుంది.

ఎవరైనా మీకు ఒక ‘లైన్’ తినిపించారు అంటే నమ్మించడానికి కట్టుకథ చెప్పారని. పరిచయం లేని ఆడపిల్లతో మాట కలపడానికి కుర్రవాళ్లు వాడే అరిగిపోయిన వాక్యం ‘పికప్ లైన్’. బ్రిటన్‌లో లైన్ ‘షూట్’ చేయడం అంటే గొప్పలు పోవడం, రెండో ప్రపంచ యుద్ధ కాలపు వైమానిక దళం మాట. అక్కడి బడుల్లో ‘లైన్స్’ ఇచ్చారంటే ఒకే వాక్యం వందసార్లు రాసే శిక్ష. నేరవార్తల్లో, సినిమాల్లో ‘ఒక లైన్’ పీల్చాడు అంటే కొకైన్ పొడిని గీతలా పోసి పీల్చడం. నేను పేరు పెట్టి హెచ్చరించే అర్థం ఇదొక్కటే, తెలియక నవ్వుతూ అనేస్తే ఉద్యోగానికే ముప్పు.

వరుసలో నిలబడటానికి బ్రిటిషువారు ‘క్యూ’ అంటారు, అమెరికావారు ‘ఇన్ లైన్’, న్యూయార్క్‌వాళ్లు చాలామంది ‘ఆన్ లైన్’ అంటారు. అంతర్జాలం రాకముందు నుంచీ అంటున్నారు.

రెండు మాటలకు కథలున్నాయి. ‘డెడ్‌లైన్’ అమెరికా అంతర్యుద్ధపు ఖైదుల నుంచి వచ్చింది. 1864లో జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ చెరలో ప్రహరీకి లోపలి వైపున ఒక హద్దు పెట్టారు. దాన్ని దాటిన ఖైదీని కాల్చేసేవారు. పత్రికల గడువుకు ఆ పేరు తరువాత అంటుకుంది. ‘బాటమ్ లైన్’ లెక్కల పుస్తకంలో ఆఖరి పంక్తి, లాభమో నష్టమో తేలేది అక్కడే. అందుకే అసలు సంగతి అని అర్థం వచ్చింది.

దేశాల పటాల మీది లైన్‌లూ ఈ కుటుంబంలోవే: టిబెట్ వైపు 1914 నాటి మెక్‌మహాన్ రేఖ, భారత్–పాకిస్తాన్ మధ్య 1947 నాటి రాడ్‌క్లిఫ్ రేఖ. మాకు దగ్గరిది 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పటి గీత. పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గిడుగు ఆ ఏడాదే ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు.

ఎనిమిదో అడుగు: పరీక్ష

కింది వాక్యాలు ఆంగ్లం నుంచి తెలుగులో పెట్టాను, ‘లైన్’ మాత్రం అలాగే ఉంచాను. జవాబు చూడకుండా ఒక్కొక్కదానికి తెలుగు మాట, అది మేస్త్రీ దారంలో ఏ పనికి చెందుతుందో చెప్పండి.

నటుడు తన లైన్ మరిచిపోయాడు. తీరిక దొరికినప్పుడు నాకొక లైన్ పడేయి. పోలీసులు అనుమానితులను లైన్‌లో నిలబెట్టారు. ఎక్కడో ఒకచోట లైన్ గీయాలి. అతను పార్టీ లైన్ తప్పడు. చేప లైన్ తెంచుకుపోయింది.

జవాబులు: సంభాషణ (వరుస నుంచి పంక్తి). ఒక చిన్న ఉత్తరం ముక్క (పంక్తి). వరుస. హద్దు. విధానం (బిగించిన దారం వెంట నడవడం). ఆరోది గాలపు తాడు, దానికి ఆలోచనే అక్కరలేదు, అచ్చమైన దారం.

మా మేనల్లుడికి ఆరులో అయిదు వచ్చాయి. ‘నాకొక లైన్ పడేయి’ దగ్గర తప్పాడు, స్తంభం మీది తీగ తెగిపడిందనుకున్నాడు. ఆఫీసు వాళ్లతో ఇప్పుడు ‘పవర్ కట్’ అంటున్నాడు. నిన్న రాత్రి వంటింట్లో దీపం ఆరిపోగానే మాత్రం గొంతెత్తి “అమ్మా, లైన్ పోయింది!” అన్నాడు.